మేఘమున దాచిన ప్రతి

సెల్‌ఫోనులోని ఛాయాచిత్రము ‘క్లౌడు’లో దాచబడినదందురు. క్లౌడనగా మేఘము. ఆ పేరు పెట్టినవారు కొంత భ్రమ కలిగించిరని నా తలంపు. అది ఆకసమున లేదు. నేలపై పెద్ద భవనములలో రేయింబవళ్లు పనిచేయు, సర్వర్లనబడు వేలకొలది కంప్యూటర్లే ఆ మేఘము. చిత్రము ఇంటర్నెట్ ద్వారా అచ్చటికి చేరి డిస్కులపై నిలుచును. డిస్కులు చెడిపోవుట సామాన్యము గనుక వేఱు డిస్కులపైనను ప్రతులుంచుదురు.

కాని ఆ ప్రతులన్నియు ఒక్క కప్పు క్రిందనే యున్నచో? 2021 మార్చి 10వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఫ్రాన్సుదేశమందలి స్ట్రాస్‌బర్గు నగరమున అట్టి అయిదంతస్తుల భవనము దగ్ధమయ్యెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. వేఱొక ఊర ప్రతి నుంచుకొన్నవారు తమ పని మరల సాగించుకొనగలిగిరి. ‘రస్ట్’ అను కంప్యూటరు ఆటను నడుపువారికి మాత్రము అచ్చటి 25 సర్వర్లలోని సమాచారము మరల దక్కలేదు. ఆటగాండ్రు వానిలో కట్టుకొన్న ఇండ్లు, కోటలు ఆ రాత్రితోనే పోయినవి.