గిటార్ పుస్తకం వేద్దాం సరే, బాణీ ఎవరిది?

మన ఛానల్‌లో గిటార్ మీద కీర్తనలు మొదలుపెట్టినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, ట్యాబ్స్ అన్నీ కలిపి పుస్తకం వేయొచ్చు కదా?" వేద్దామనే కూర్చున్నాం. 24 పాటల డ్రాఫ్ట్ రెడీ అయింది. అందులో 9 అన్నమయ్యవి. ప్రతి పాట కింద "బాణీ: సంప్రదాయం" అని రాసేశాం. తప్పు అక్కడే జరిగింది.

త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. సాహిత్యం ఆయనదే, బాణీ ఆయనదే. అది శిష్యుల ద్వారా మనదాకా వచ్చింది. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. కాబట్టి "తులసీదళములచే" వేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. కానీ వేరే వాళ్లు స్వరపరిచి అచ్చేసిన పుస్తకంలోంచి పేజీ చూసి దించేయకూడదు. గురువు దగ్గర నేర్చుకున్న పాఠాన్ని మనమే స్వరం రాసుకోవాలి.

అన్నమయ్య విషయం వేరు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో కాలం చేశారు. అంటే రాళ్లపల్లివారి బాణీకి 2039 చివరిదాకా గడువుంది. పాట 500 ఏళ్లనాటిది, ట్యూన్ మాత్రం మన తాతగారి కాలంది! చట్టంలో "సంగీత రచన" అంటే దాన్ని కాగితం మీద రాసిన స్వరలిపి కూడా. అందుకే "మేం ట్యాబ్ మాత్రమే వేశాం" అంటే చెల్లదు. యూట్యూబ్‌లో కవర్ వీడియో నడుస్తోంది కదా అన్నా కుదరదు, అచ్చు హక్కు వేరు.

అలా 7 పాటలు తీసేశాం, అనుమతి వచ్చాకే వేస్తాం. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. మిగతా రెండింటికీ రేకు మీద ఉన్న రాగంలో మేమే బాణీ కట్టి, ఆ మాట పేజీ మీదే రాశాం.

ఇక స్వరం కాగితం మీద ఎలా పెట్టాలి? ఇది మనకు కొత్త తలనొప్పి కాదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చు వేయించారు, అదీ తెలుగులో. గమకాలకు వేర్వేరు గుర్తులు పెట్టి మరీ. గిటార్ ట్యాబ్‌లో ఆరు గీతల మీద ఫ్రెట్ నంబర్లుంటాయి. మాయామాళవగౌళ ఒకే తీగ మీద 0, 1, 4, 5, 7, 8, 11, 12. నంబర్లు చూసి వాయిస్తే స్వరాలు వస్తాయి, రాగం రాదు. రిషభం ఊగాలి కదా! అందుకే మేం ట్యాబ్ పైన సరిగమలు తెలుగులో, మధ్యలో సాహిత్యం, జారుకు ఏటవాలు గీత పెట్టాం. శ్రుతి కోసం కాపో ఎక్కడ పెట్టినా నంబర్లు కాపో నుంచే లెక్క.

పేజీ విషయం కూడా చెప్తాను. పల్లవి కుడిపక్క పేజీలో మొదలై వెనక్కి తిప్పాల్సి వస్తే చేతులు ఖాళీ ఉండవు. అందుకని ప్రతి పాటా ఎదురెదురు పేజీల్లో ముగిసేలా సర్దాం, స్పైరల్ బైండింగ్ చేయించాం. మామూలు బైండింగ్ అయితే స్టాండ్ మీద పుస్తకం మూసుకుపోతుంది.

ముందు 50 కాపీలే ప్రింట్ చేయిస్తున్నాం. తప్పులు ఎలాగూ దొరుకుతాయి, రెండో విడతలో దిద్దుకోవచ్చు. పీడీఎఫ్ కూడా ఇస్తాం. కొన్నవాళ్లు దాన్ని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేస్తారని తెలుసు, లాక్ మాత్రం పెట్టట్లేదు. వచ్చే వీడియోలో "తులసీదళములచే" పల్లవి, మొదటి రెండు సంగతులు. గిటార్ శ్రుతి చేసుకుని కూర్చోండి.