పరస్పర విరుద్ధార్థక పదాలు – అర్థనిర్ణయ విధానం

ఒక శబ్దానికి పెక్కు అర్థాలు ఉండటం సర్వభాషా సాధారణం. అయితే ఒకే శబ్దం ఒక అర్థాన్నీ, దానికి సరిగా ఎదురైన అర్థాన్నీ కూడా బోధించటం విశేషం. ఆంగ్లంలో ‘శాంక్షన్’ అనుమతినీ ఆంక్షనూ చెబుతుంది. ‘ఓవర్‌సైట్’ పర్యవేక్షణకూ ఏమరుపాటుకూ వాచకం. హిందీలో ‘కల్’ నిన్నా, రేపూ కూడా. అరబ్బీ వ్యాకర్తలు ఇటువంటి పదాలను ‘అద్దాద్’ అని పేర్కొని ప్రత్యేక గ్రంథాలు రచించారు. ఆదిమ భాషలు విరుద్ధ భావాలను ఒకే శబ్దంతో వ్యవహరించేవని కార్ల్ ఆబెల్ 1884లో ప్రతిపాదించగా, 1910లో ఫ్రాయిడ్ దానిని స్వప్నతత్త్వానికి అన్వయించాడు. ఎమిల్ బెన్వెనిస్త్ 1956లో ఆ వాదాన్ని నిరాకరించాడు. సంస్కృతాంధ్ర పదాలను పరిశీలిస్తే నిరాకరణ పక్షమే బలపడుతుంది. ఈ వైరుధ్యం ఆదిమమైనది కాదు. దానికి గుర్తించదగిన కారణాలు కలవు.

మొదటిది వ్యుత్పత్తిభేదం. ‘అనుత్తమ’ శబ్దాన్ని నఞ్ తత్పురుషంగా విడదీస్తే ఉత్తమం కానిది. బహువ్రీహిగా గ్రహిస్తే తనకంటె ఉత్తమమైనది లేనిది, అనగా సర్వోత్తమం. సంస్కృత వాఙ్మయంలో రెండవ అర్థమే ప్రసిద్ధం. ‘అనుత్తర’ శబ్దానికీ ఇదే గతి. ఇట్టి విగ్రహభేదంతో నిమిత్తం లేకయే ‘ఆరాత్’ అనే అవ్యయం దూరాన్నీ సమీపాన్నీ కూడా చెబుతుందని అమరసింహుడు నానార్థవర్గంలో గ్రహించాడు.

రెండవది కాలక్రమంలో కలిగిన అర్థాపకర్ష. ప్రాచీనాంధ్ర కావ్యాలలో ‘కంపు’ సుగంధవాచి. కన్నడంలో నేటికీ అదే అర్థం. వ్యవహారంలో అది దుర్గంధానికి రూఢమైంది. ‘కైంకర్యం’ కింకరభావం, అనగా సేవ. లోకంలో ‘సొమ్ము కైంకర్యం చేశాడు’ అంటే అపహరించాడని అర్థం. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలలో అశోకునికి గౌరవ బిరుదమైన ‘దేవానాంప్రియ’ శబ్దం, సిద్ధాంతకౌముది నాటికి మూర్ఖార్థకమైంది.

మూడవది అమంగళ పరిహారం. దీపం ఆరినదనక ‘కొండెక్కింది’, ‘ఘనమైంది’ అంటారు. మంగళసూత్రం తెగితే ‘పెరిగింది’ అంటారు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. ఈ చివరి ప్రయోగంలో ఒక వ్యాకరణ విశేషం కలదు. ‘గాదె నిండింది’ అన్నప్పుడు పాత్ర కర్త, అర్థం పూర్ణత్వం. ‘బియ్యం నిండుకున్నాయి’ అన్నప్పుడు పాత్రలోని వస్తువు కర్త, ‘కొను’ అనుప్రయుక్తమైంది, అర్థం శూన్యత్వం. కాబట్టి వైరుధ్యం ధాతువులో లేదు, ప్రయోగంలో ఉన్నది.

నాలుగవది క్రియ ఒక్కటే అయి ఫలం భిన్నం కావటం. 2022లో ఏలూరు జిల్లాలో చేరిన ముసునూరు మండలం నూజివీడు మామిడి సీమలోనిది. మామిడి వ్యవసాయపు మాటలలో దీనికి చక్కని నిదర్శనాలు లభిస్తాయి. కొమ్మ ‘విరిగితే’ నష్టం. చెట్టు ‘విరగకాస్తే’ సమృద్ధి. రైతుకు ‘కోత’ ఫలప్రాప్తి. ఉద్యోగికి జీతంలో ‘కోత’ హాని. గడ్డిలో పెట్టిన కాయ ‘మగ్గితే’ మాధుర్యం. మనిషి చెరసాలలో ‘మగ్గితే’ క్షయం. మూసి ఉన్నచోట చాలాకాలం ఉండటమనే మూలభావం రెండింటికీ సమానం. అది కాయకు గుణమై, మనిషికి దోషమైంది.

ఇట్టి చోట్ల అర్థాన్ని నిర్ణయించేది ఏది? భర్తృహరి వాక్యపదీయంలో సంయోగ, విప్రయోగ, సాహచర్య, విరోధ, ప్రకరణాదులను నిర్ణాయకాలుగా పేర్కొన్నాడు. ‘కాయ’, ‘చెరసాల’ అనే పదాల సాహచర్యమే ‘మగ్గు’ ధాతువు అర్థాన్ని నియమిస్తుంది. ఆంగ్లంలో ‘లీజ్’ ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ సమానం కాగా, తెలుగు ‘కౌలుకు ఇచ్చు’, ‘కౌలుకు తీసుకొను’ అని క్రియాపదంతోనే సందేహాన్ని తొలగించుకొన్నది.

ఈ విచారణ కేవలం పదవినోదం కాదు. ‘కంపు’ సుగంధవాచి అని ఎరుగని పరిష్కర్త ప్రాచీనపాఠాన్ని దోషంగా భావించి దిద్దితే కవి మాట శాశ్వతంగా లోపిస్తుంది. కోశకర్త రెండర్థాలను మాత్రమే చూపి ప్రయోగనియమాన్ని విడిచిపెడితే విద్యార్థికి సందేహమే మిగులుతుంది. పొరుగింటి గడపలో నిలిచి ‘బియ్యం నిండుకున్నాయి’ అన్న ఇల్లాలి మాటను వాచ్యార్థంలో గ్రహించిన తరానికి, ఆమె అడిగినది చేబదులని తెలియదు. ఆమె రిక్తహస్తాలతో మరలవలసి వస్తుంది. యాచన అనిపించకుండా అడగటానికి భాష కల్పించిన ఆ మర్యాద అర్థజ్ఞానం ఉన్నంతకాలమే నిలుస్తుంది. అందుచేత ఇట్టి పదాలను ప్రయోగసహితంగా, ప్రాంతనిర్దేశంతో సేకరించి బోధించటం ప్రాచ్యకళాశాలల కర్తవ్యం.