ఒకే మూలప్రతి, ఇద్దరు కంపైలర్లు

సి భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు చూచుటకు పూర్వమే ప్రీప్రాసెసర్ ఒకమారు చదువును. ఒకే వ్రాతప్రతిని ఇద్దరు కాతిబుల కిచ్చి, ఎవరికి వర్తించు భాగమును వారే ఎత్తి వ్రాయవలెనని అంచున గుర్తు పెట్టితిమనుకొనుడు. ఈ పని అట్టిదే. డెనిస్ రిచీ బెల్ ప్రయోగశాలలలో సి భాషను తీర్చిదిద్దుచున్నప్పుడు, 1973 ప్రాంతమున, ఈ సాధనము ఫైళ్లను చేర్చుటకును, పేర్లకు బదులు విలువలు నిలుపుటకును మాత్రమే ఉండెడిది. షరతులు మైక్ లెస్క్, జాన్ రైజర్‌ల చేర్పు.

దీని యవసరము మన ఆంధ్ర విద్యార్థులకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదేమో! బోర్లాండ్ సంస్థ 1987లో వెలువరించిన టర్బో సి మన కళాశాలల ప్రయోగశాలలలో దశాబ్దముల తరబడి నిలిచినది. దానిపై నేర్చినవాడు లినక్సుపై జీసీసీ ఎదుట కూర్చున్నచో మొదటి పంక్తియే ఎదురు తిరుగును. తెర తుడుచు ప్రమేయము గల కోనియో ఫైలు అచట లేదు. టర్బో సి తనంత తానే నిర్వచించుకొను పేరొకటి కలదు. హ్యాష్ గుర్తుతో ఇఫ్‌డెఫ్ అని వ్రాసి, ప్రక్కన ఆ పేరుంచి, క్రింద కోనియోను చేర్చి, ఎండిఫ్‌తో ముగింపవలెను. ఆ ప్రమేయమును పిలుచు ప్రతి చోటును ఇట్లే కంచెలో నుంచవలెను.

మామూలు ఇఫ్ వాక్యము ఇందుకు చాలదా? చాలదు. అది ప్రోగ్రాము నడచునప్పుడు పరీక్షింపబడును. అప్పటికే రెండు శాఖలును కంపైలు కావలసియుండును.

అయితే అన్నిటికిని ఇదే మందు కాదు. మన తీరపు హేచరీలో 40,000 రొయ్య పిల్లల లెక్కను ఇంట్ చరరాశిలో ఉంచితిమనుకొనుడు. టర్బో సిలో ఇంట్ 16 బిట్లే, గరిష్ఠము 32,767. కావున తెరపై మైనస్ 25,536 కనబడును! జీసీసీలో 40,000 సరిగనే వచ్చును. ఇచట షరతు పెట్టుట అనవసరపు శ్రమ. లాంగ్ అని వ్రాసిన రెండింటను సరిపోవును.

మరొక ప్రమాదము కలదు. విడిచిపెట్టబడిన శాఖలోని తప్పును కంపైలరు చూడనే చూడదు. ఇఫ్ ఆదేశములో పేరు ఒక్క అక్షరము తప్పినను, నిర్వచనము లేని పేరు సున్న అయి ఆ భాగమంతయు మౌనముగా జారిపోవును. అందుచేత ఏ పేరును సరిపడనప్పుడు ఎల్స్ క్రింద ఎర్రర్ ఆదేశము నుంచి కంపైలు నాపివేయుట మేలు. జీసీసీలో డబ్ల్యు-అన్‌డెఫ్ అను హెచ్చరికను కోరినచో ఇఫ్‌లోని అట్టి పేర్లను అది చూపును. ఇఫ్‌డెఫ్‌లోని వానిని మాత్రము చూపదు.