నరానికీ కండకూ నడుమ సందు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. వానాకాలంలో మా అన్న కొడుకు, పన్నెండేళ్లవాడు, నేలమీద చాపేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పని లేచి వాంతి చేసుకున్నాడు. గ్యాసేమో అని సోడా తాగించినాము. పొద్దెక్కేసరికి పిల్లోడు కళ్లు తెరవలేకపోయినాడు. కడపకు తీసుకుపోతే కట్లపాము కరిచిందన్నారు. ఒంటిమీద కాటు గుర్తే లేదు. వెంటిలేటర్ మీద పెట్టి బతికించినారు. విషం మెదడుకెక్కింది, ఇక చదువు రాదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. కట్లపాము విషం మెదడు జోలికి పోదు. దారిలో ఊపిరి ఆగి, మెదడుకు ఆక్సిజన్ అందని పరిస్థితి వచ్చి ఉంటే తప్ప, ఆ పిల్లాడి చదువుకు ఢోకా లేదు.

మరి కనురెప్ప ఎందుకు పడిపోయింది? మెదడు ‘కన్ను తెరువు’ అని ఇచ్చే ఆజ్ఞ నరకణం పొడవునా విద్యుత్తుగా వెళ్తుంది. ఆ కణం లోపలికీ బయటికీ మామూలప్పుడు సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. సంకేతం వచ్చిన చోట సోడియం లోపలికి దూసుకొస్తుంది, వెంటనే పొటాషియం బయటికి పోయి ఆ చోటు సర్దుకుంటుంది, ఈలోపు పక్కచోటు మొదలవుతుంది. కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చినట్టు సంకేతం అలా చివరిదాకా చేరుతుంది, దారిలో బలం తగ్గదు. కానీ నరం కండకు అతుక్కుని ఉండదు. రెంటి నడుమ తల వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా సన్నని సందు ఉంటుంది. విద్యుత్తు దాన్ని దాటలేదు. అందుకని నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, సందు దాటి, కండను ముడుచుకోమంటుంది. కట్లపాము విషం ప్రధానంగా దెబ్బకొట్టేది ఆ నరం కొసనే. పంపడానికి అక్కడ రసాయనమే మిగలదు.

రోగి తెలివిగానే ఉంటాడు. మన మాటలన్నీ వింటుంటాడు. రెప్పలు ముందు వాలతాయి, తల వెనక్కి వంచి కిందినుంచి చూస్తాడు, తర్వాత ఉమ్మి మింగలేడు, మాట ముద్దవుతుంది, చివరికి ఛాతీ కండరాలు ఆగుతాయి. విషం తీవ్రమైతే కంటిపాప కూడా వెలుగుకు కదలదు. బ్రెయిన్ డెడ్ అనిపించేంతగా పడి ఉన్నవాళ్లు లేచి నడుచుకుంటూ ఇంటికెళ్లడం వైద్యులకు కొత్తకాదు. అందుకే కట్లపాము కేసులో ఆశ వదులుకోవడమంత తప్పు ఇంకోటి లేదు. నాగుపాము విషం వేరే చోట పనిచేస్తుంది, కండవైపు తలుపు మూస్తుంది. అందుకే సందులో ఆ రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేసే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ దానికి బాగా అక్కరకొస్తుంది, కట్లపాముకు అంతగా రాదు. యాంటీవీనం రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది గానీ, చెడిపోయిన నరం కొసను బాగుచేయలేదు. ఆ కొస మళ్లీ తయారవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. అన్నాళ్లూ ఊపిరి పోసేది వెంటిలేటరే. కాబట్టి మంత్రం, పసరు, బ్లేడుతో కోయడం, తాడుతో బిగించడం మానండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి. వానాకాలంలో నేలమీద పడుకుని, తెల్లారి కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలితే, కాటు కనపడకపోయినా పాముకాటనే అనుమానించాలి. కట్లపాము కోరలు చిన్నవి, కాటుకు నొప్పి పెద్దగా ఉండదు. మంచమో, దోమతెరో ఉన్న ఇంట్లో ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: ఎమ్మిగనూరు దగ్గర పత్తి వేస్తాం. పోయిన వారం మందు కొట్టి వచ్చిన మా నాయనకు నోటినిండా నీళ్లూరినాయి, చెమట పట్టింది, కళ్లు మసకేసినాయి, తొడ కండలు తమంతట తామే అదిరినాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో మూడు రోజులుంటే బాగైంది. ఇంటికొచ్చినాక మెడ ఎత్తలేకపోతున్నాడు. అలసటేనా?

జవాబు: అలసట కాదు. ఈ పేజీ పక్కన పెట్టి ఆయన్ను వెంటనే తిరిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పైన చెప్పిన సందులోనే ఇదీ జరుగుతుంది, తిరగేసి. అసిటైల్‌కోలిన్ పని ముగియగానే దాన్ని విరిచేసే ఎంజైము ఒకటుంది. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమును కట్టేస్తాయి. పాము కాటులో కబురే అందదు. ఇక్కడ కబురు ఆగదు. కండ ఆగకుండా అదిరి, అదిరి, చివరికి చచ్చుబడుతుంది. నరాలు రసాయనంతో కబురు పంపుతాయన్న సంగతిని 1921లో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండెను నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవం రెండోదానికి పోస్తే అదీ నెమ్మదించింది. 1936లో నోబెల్ వచ్చింది. 

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ మందుతో చెమట, నీళ్లూరడం తగ్గుతాయి, కండలు చచ్చుబడటం మీద దానికి పట్టు లేదు. మందు తగిలిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, కోలుకున్నాడనుకున్న మనిషికి మెడ వాలి, ఆపై ఊపిరి తీసే కండలు బలహీనపడవచ్చు. అందుకే ‘బాగున్నాడు, పంపించండి’ అని తొందరపెట్టకూడదు. మందు ఒంటిమీద పడితే బట్టలు విప్పేసి సబ్బునీళ్లతో కడగాలి, వాంతి చేయించకూడదు, డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి. గాలికి ఎదురుగా నిలబడి కొట్టొద్దు. చేతితో మందు కలపొద్దు.

ప్రశ్న: వయసు 58, ప్రొద్దుటూరులో బట్టల అంగడి. పన్నెండేళ్లుగా షుగర్. రాత్రిళ్లు అరికాళ్లు మంటలు, పగలు చెప్పు జారిపోయినా తెలియదు. నరాల వీక్‌నెస్ అని నెలనెలా బి12 ఇంజెక్షన్లు వేస్తున్నారు. అవసరమా?

జవాబు: పరీక్ష చేయించకుండా వేయడం నాకు ఇష్టం లేదు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గే మాట నిజమే, అందుకని ఒకసారి రక్తంలో చూపించుకోండి. తక్కువుంటే వేసుకోవాలి. సరిపడా ఉంటే మీ మంటకు అది మందు కాదు.

అసలు కారణం షుగర్ వల్ల చెడిన నరాలు. నడుమునుంచి కాలివేలిదాకా వెళ్లే నరాల తంతువులు మీటరు దాకా ఉంటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైనవి కాబట్టి ముందు అవే చెడతాయి. అందుకే రెండు కాళ్లకూ సాక్సు తొడిగినట్టుగా మొద్దుబారుతుంది. నొప్పినీ మంటనీ మోసే సన్న తంతువుల్లో కొన్నిటికి కొవ్వుపొర ఉండదు, సెకనుకు మీటరు అటూ ఇటూ వేగం. మందంగా, పొరతో ఉన్న కొన్ని తంతువులు సెకనుకు వంద మీటర్లు దాటుతాయి. కాలివేలికి బండ తగిలితే ముందు దెబ్బ తెలిసి, కాసేపాగి సలుపు రావడం అందుకే. సన్న తంతువులు చెడుతూ తప్పుడు కబుర్లు పంపితే మంట, పూర్తిగా చచ్చిపోతే మొద్దుబారడం. మీకు రెండూ ఉన్నాయంటే జబ్బు ముందుకు పోయినట్టే.

షుగర్ అదుపులో ఉంటే జబ్బు నెమ్మదిస్తుంది, పోయిన స్పర్శ మాత్రం సులువుగా తిరిగిరాదు. మంటకు మంచి మందులున్నాయి, మీ డాక్టరునడగండి. మే నెలలో బండలమీద ఉత్తకాళ్లతో నడవకండి. చెప్పులు వేసుకునేముందు లోపల చెయ్యిపెట్టి తుమ్మముల్లో, రాయో ఉందేమో చూడండి. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని రెండు అరికాళ్లూ చూసుకోండి. పొక్కు, పుండు, రంగు మారిన చోటు కనబడితే, నొప్పి లేదని ఆగకుండా మర్నాడే ఆసుపత్రికి వెళ్లండి.