ఎండ, జన్యువులు, మన చర్మం

పిల్లలూ! "ఎండలో ఆడకు, నల్లబడిపోతావ్" అని ఇంట్లో ఎవరో ఒకరి చేత అనిపించుకోని తెలుగు పిల్లలు అరాద్‌లో ఉండరేమో! ఎండలో జాగ్రత్త అవసరమే. కానీ నల్లబడటం జబ్బు కాదు. అది చర్మం తనకు తాను పట్టుకునే గొడుగు.

ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలుంటాయి. మన కణాల్లో డి.ఎన్.ఏ. అనే పొడవాటి ప్రోగ్రాం ఉంటుంది (మా వృత్తి అలాంటిది, ఆ పోలికే ముందు తోస్తుంది!). దాన్ని రాసింది నాలుగే అక్షరాలతో: ఎ, టి, జి, సి. ఈ కిరణాలు తగిలితే పక్కపక్కనున్న రెండు 'టి'లు అతుక్కుపోతాయి, తడిసిన పుస్తకంలో పేజీలు అంటుకున్నట్లు. అలాంటి తప్పులు ఏళ్ళ తరబడి పోగై, కణాలు అదుపు తప్పి పెరిగితే అదే చర్మ కాన్సర్.

దీనికి రెండు కాపలాలున్నాయి. రెండూ అమ్మానాన్నలిచ్చిన జన్యువుల చలవే. మొదటిది మెలనిన్ అనే రంగు పదార్థం. ఎర్రజుట్టు, తెల్లటి చర్మం ఉన్నవారిలో ఎం.సి.1.ఆర్. అనే జన్యువు తరచు వేరుగా ఉంటుందని 1995లో తెలిసింది. బ్రిటన్, ఐర్లండ్ మబ్బుల కింద ఉన్నంత కాలం వాళ్ళకు ఇబ్బంది తక్కువే. వాళ్ళ సంతతి స్థిరపడ్డ ఆస్ట్రేలియా మాత్రం చర్మ కాన్సర్‌లో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. అదే ఎండలో అక్కడి ఆదివాసులకు ఆ జబ్బు చాలా తక్కువ.

రెండోది మరమ్మతు బృందం. అంటుకున్న ముక్కను కత్తిరించి కొత్తది అతికించే ఎంజైములివి. వీటి పనితీరు విప్పిచెప్పిన టర్కీ శాస్త్రవేత్త అజీజ్ సంజార్, 2015 రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు.

ఇక్కడి నుంచి పెద్దలు కూడా చదవాలి. ఈ మరమ్మతు జన్యువు చెడితే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన జబ్బు వస్తుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి, రెండు ప్రతులూ చెడ్డవైతేనే సుమా! ఒకటే చెడితే మనిషికి ఏమీ తెలియదు. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత నుంచి అదే చెడ్డ ప్రతి వచ్చే అవకాశం ఎక్కువ. అలా వస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాలు మనకూ ఉన్నాయి, ఇక్కడి అరబ్బు కుటుంబాల్లోనూ ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, తెలిసి ఉండాలని మాత్రమే. ఈ బిడ్డలకు ఎంత నల్లటి చర్మమైనా చాలదు. 20 ఏళ్ళలోపు వీరికి చర్మ కాన్సర్ ముప్పు ఇతరులకన్నా దాదాపు 10,000 రెట్లు. రెండేళ్ళలోపే ముఖం మీద దట్టంగా మచ్చలు వచ్చినా, కాస్త ఎండకే బొబ్బలెక్కినా, వెలుతురు చూడలేకపోయినా దిష్టి అనుకోకుండా చర్మవైద్యునికి చూపించండి. ముందే గుర్తించి ఎండ తగలకుండా కాపాడితే ఎంతో తేడా ఉంటుంది.

మిగతా అందరికీ గొడుగుంది, కానీ చిల్లుల్లేని గొడుగు కాదు. బహ్రెయిన్‌లో 2007 నుంచి నడివేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని నిషేధం. వడదెబ్బ కోసం పెట్టినా చర్మానికీ మేలే. అరాద్ కోట దగ్గర ఆటలు సాయంత్రానికి పెట్టుకుందాం.

ఇంకొక్క మాట. అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వచ్చే మెలనోమాకు ఎండతో పెద్దగా సంబంధం లేదు. నల్లవారిలో కనబడే మెలనోమా ఎక్కువగా ఇదే. గాయకుడు బాబ్ మార్లీ 1981లో పోయింది కాలివేలి గోటి కింద మొదలైన ఇలాంటి దానితోనే. అరికాలి మచ్చ పెరుగుతుంటే గోరింటాకు మరక అనుకుని ఊరుకోకండి.