లా చదవాలంటే డిగ్రీ ఎక్కడ చదవాలి?

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మన హాస్టల్‌లో ప్రతి ఏడూ ఒకటే చర్చ: డిగ్రీకి ఏ కాలేజీ? లాయరు కావాలనుకునే తమ్ముళ్లకు ఈ ప్రశ్న ఇంకొంచెం బరువు. వాళ్లు ఖర్చు పెట్టాల్సింది ఒక చదువుకు కాదు, వరుసగా రెండు చదువులకు. అందుకే డిగ్రీ, ఎల్.ఎల్.బి. చదువుతున్న మేము కొందరం కూర్చుని ఈ లెక్కను విడమర్చి రాస్తున్నాం.

మన ముందు రెండు దారులున్నాయి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సు ఒకటి, ఏదైనా డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్.ఎల్.బి. ఇంకొకటి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ రెంటికీ లాసెట్ రాయాలి. (నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఐదేళ్ల కోర్సుకు క్లాట్ వేరే ఉంది.) ఐదేళ్ల కోర్సులో ఒక ఏడాది కలిసొస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. మూడో ఏట చదువు ఆపేస్తే చేతికి బి.ఏ. రాదు. మధ్యలో డిగ్రీ ఇచ్చి పంపడానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనలు ఒప్పుకోవు. నాన్నకు జబ్బు చేస్తే చదువు ఆపి పని వెతుక్కోవలసిన ఇళ్లు మనవి. అలాంటి ఇంటి పిల్లవాడికి మూడేళ్లకు ఒక డిగ్రీ చేతిలో పడటం చిన్న విషయం కాదు. అందుకే మేం రెండో దారి గురించే ఎక్కువ చెబుతున్నాం.

పేరున్న కాలేజీలో డిగ్రీ చదివితే లా సీటు తేలికగా వస్తుందని చాలామంది నమ్ముతారు. లాసెట్ పేపరు చూస్తే ఆ నమ్మకం నిలవదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30 మార్కులు, కరెంట్ అఫైర్స్‌కు 30, లా ఆప్టిట్యూడ్‌కు 60. కాలేజీ పేరుకు ఒక్క మార్కు కూడా లేదు. డిగ్రీలో ఓ.సి.లకు 45 శాతం, బి.సి.లకు 42, ఎస్.సి., ఎస్.టి.లకు 40 ఉంటే అర్హత వచ్చినట్టే. బి.ఏ.నే చదవాలన్న నియమమూ లేదు, బి.కాం., బి.యస్సీ. వాళ్లూ రాయవచ్చు.

దామోదరం సంజీవయ్య గారు 1921లో కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టారు. ఆయన బి.ఏ. చదివింది మద్రాసులో కాదు, పక్క జిల్లా అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో. ఆ తర్వాత చిన్న ఉద్యోగాలు చేసి, మద్రాసు లా కాలేజీలో చేరి 1948లో లా పూర్తి చేశారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. డబ్బు ఏ దశకు దాచుకోవాలో అంబేద్కర్ గారి జీవితంలోనూ కనిపిస్తుంది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో 1918 నుంచి పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం కలిపి 1920లో బారిస్టరు చదువు పూర్తి చేయడానికి మళ్లీ లండన్ వెళ్లారు.

ఇక లెక్కకు వద్దాం. లాయరు ఖర్చు మూడేళ్లది కాదు, తొమ్మిదేళ్లది: డిగ్రీ మూడు, లా మూడు, సీనియర్ దగ్గర జూనియర్‌గా కనీసం మూడు. ఈ చివరి మూడేళ్లలో చేతికొచ్చేది చాలా తక్కువ. ఒక ప్రైవేటు కాలేజీ రీయింబర్స్‌మెంట్ పోను బస్సు, యూనిఫారం, ప్రత్యేక ఫీజుల పేరుతో ఏడాదికి 15,000 అడుగుతుందనుకుందాం. మూడేళ్లకు 45,000. నెలకు 3,000 అద్దె అనుకుంటే, జూనియర్‌గా ఉన్నప్పుడు కోర్టు ఉన్న ఊళ్లో 15 నెలలు గది అద్దె అది. పైగా వేరే ఊరి కాలేజీకి పోతే ఇక్కడి హాస్టల్ సీటు పోతుంది. అక్కడ సీటు దొరికేదాకా తిండి ఖర్చు కూడా ఇంటి మీదే.

రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఆలస్యమవుతుంది. మా సీనియర్ అన్న ఒకరికి లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ వాళ్లు టి.సి. ఇవ్వలేదు. ఊళ్లో వడ్డీకి తెచ్చి కట్టేసరికి మొదటి విడత కౌన్సెలింగ్ అయిపోయింది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు దగ్గర పెట్టుకోరాదని యు.జి.సి. 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా చేరేటప్పుడే ఆ కాలేజీ సీనియర్లను ఈ సంగతి అడగడం మంచిది. ఫీజు తక్కువున్న ప్రభుత్వ కాలేజీలో ఈ భయం తక్కువ.

అయితే చవకదల్లా మంచిదని మేం అనం. ఇంగ్లీషు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ఇంగ్లీషులోనే వస్తాయి. రెండు పేజీల తీర్పు చదివి అర్థం చేసుకోలేనివాడికి లా మొదటి ఏడే కొండలా కనిపిస్తుంది. కాబట్టి చేరే ముందు ఒక పనిరోజున కాలేజీకి వెళ్లి చూడండి. ఇంగ్లీషు లెక్చరర్ ఉన్నారా, లైబ్రరీ తెరిచి ఉందా, పోయిన వారం ఎన్ని క్లాసులు జరిగాయి? ఈ మాటలు రెండో ఏడు విద్యార్థులను అడగాలి, ఆఫీసులో కాదు. దగ్గరి ప్రభుత్వ కాలేజీలో పాఠాలే జరగడం లేదని తేలితే కొంచెం ఖర్చయినా ఇంకో చోట చేరడమే న్యాయం. సబ్జెక్టులు తప్పి ఒక ఏడాది పోతే ఆ నష్టం ఏ ఫీజు కన్నా పెద్దది.

దూరవిద్యలో డిగ్రీ చేసి పని చేసుకుందామనేవాళ్లూ ఉన్నారు. ఇంటర్ పాసై దూరవిద్యలో డిగ్రీ చేస్తే ఎల్.ఎల్.బి.కి అర్హత ఉంటుంది. పునాది చదువు లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నవారికి ఉండదు. ఎల్.ఎల్.బి. మాత్రం దూరవిద్యలో కుదరదు, 70 శాతం హాజరు ఉండాలి.

చివరి మెట్టులో కొంత ఊరట ఉంది. లాయరుగా పేరు నమోదుకు బార్ కౌన్సిళ్లు చట్టంలో ఉన్న ఫీజుకు మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పింది. ఆ ఫీజు 750 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి.లకు 125. లా పట్టభద్రులకు శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇచ్చే పథకం గురించి జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

కౌన్సెలింగ్‌కు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాలి. ఆదాయం సర్టిఫికెట్‌కు ముందుగానే మీసేవలో దరఖాస్తు పెట్టండి. అడ్మిషన్ల రోజుల్లో అక్కడ క్యూ రోడ్డు దాకా ఉంటుంది.