కడలి దాటిన శ్రామికునికి బీమా అండ

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఇక్కడ వేరుశనగ పంట చేతికందని ఏడు రైతు ఇంట అప్పే మిగులుతుంది. అటువంటి కుటుంబాల నుండి ఎందరో కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. వారికి ఒంటి సత్తువే పెట్టుబడి. జబ్బుచేస్తే సంపాదన ఆగుతుంది. ఊరిలో వడ్డీ ఆగదు.

2007లో ఆరోగ్యశ్రీ పథకం తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. అది ఇక్కడి ఇంటివారికి అండగా నిలిచిందే కాని, పరదేశపు ఆసుపత్రులలో చెల్లలేదు. విదేశాలకు వెళ్ళే శ్రామికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2003లోనే ప్రవాసీ భారతీయ బీమా యోజనను ప్రవేశపెట్టింది. పదవ తరగతి పూర్తిచేయక, ఎమిగ్రేషన్ అనుమతితో గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికులకు ఇది తప్పనిసరి. 2017 సవరణ ప్రకారం రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వల్ల ఉపాధి పోయినా 10 లక్షల రూపాయల బీమా వర్తిస్తుంది. ఆసుపత్రి ఖర్చులకు కూడా కొంత పరిమితి మేరకు సాయం లభిస్తుంది.

అయితే సందర్శక వీసాపై వెళ్ళి పనిలో చేరినవారు ఎమిగ్రేషన్ అనుమతితో పాటు ఈ రక్షణను కూడా పోగొట్టుకొంటారు. బీమా పత్రం ఒకటున్నదని ఇంటివారికి తెలియకున్నా ఫలితం అంతే. కనుక పత్రం నకలు ఇంటివద్ద ఉంచి, దాని ప్రయోజనాన్ని వివరించి పయనమగుట శ్రామికుని తొలి కర్తవ్యం.